ఎగ్‌లెస్ మూస్ కేకులో జెలటిన్: అసలు అది దేని నుంచి వస్తుంది?

మీరు రాసినదాని సారాంశం ఇదీ. పాప పుట్టినరోజుకి బేకరీ నుంచి మామిడి మూస్ (నురగలా తేలిగ్గా ఉండే క్రీము) కేకు తెప్పించారు. ఎగ్‌లెస్సేనా అని రెండుసార్లు అడిగి మరీ తీసుకున్నారు. గుడ్డు కూడా ముట్టని మీ అత్తగారు ఒక ముక్క తిన్నారు. సాయంత్రం మీ ఆడపడుచు "మూస్‌లో జెలటిన్ వేస్తారు కదా వదినా, అది ఎముకల నుంచి తీస్తారట" అనేసరికి ఇంట్లో అందరూ మొహమొహాలు చూసుకున్నారు. అది నిజమేనా, వెజ్ జెలటిన్ అని ఒకటి ఉంటుందా, చైనా గ్రాస్ అదేనా, ఇకమీద ఎలా కనిపెట్టాలి, ఇవీ మీ ప్రశ్నలు.

మీ ఆడపడుచు చెప్పింది నిజమే. జెలటిన్ అన్నాక అది జంతువుదే. మొక్క నుంచి వచ్చే జెలటిన్ అంటూ లేదు. "వెజ్ జెలటిన్" పేరుతో దుకాణాల్లో అమ్మేది వేరే పదార్థం, పేరు మాత్రం అరువు తెచ్చుకున్నారు. మీరు తిన్న కేకులో ఏది వేశారో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను, వేసినవాణ్ణే అడగాలి. ఎలా అడగాలో కింద చెబుతాను. పంతొమ్మిదేళ్లు హోటళ్ల పేస్ట్రీ కిచెన్లలో పనిచేశాను. ఈ సంభాషణ నాకు ఎన్నిసార్లు ఎదురైందో లెక్కలేదు.

జెలటిన్ గురించి ఫ్యాక్టరీ దాకా వెళ్లక్కర్లేదు, మాంసం వండే ఏ ఇంట్లోనైనా చూడొచ్చు. మేక కాళ్లతో పాయా కాస్తారు చూడండి. రాత్రి మిగిలింది గిన్నెతో ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి గరిటె దిగదు. పైన నెయ్యిలా తేలిన కొవ్వు తీసేస్తే కింద పులుసంతా వణికే ముద్దగా ఉంటుంది. గిన్నె ఊపితే మొత్తం ఊగుతుంది, వేలితో నొక్కితే కుంగి మళ్లీ లేస్తుంది. స్టవ్ మీద పెట్టిన రెండు నిమిషాల్లో మళ్లీ నీళ్లలా అయిపోతుంది. చేపల పులుసు కూడా అంతే, తలకాయలు వేసి కాస్తే మర్నాటికి ఫ్రిజ్‌లో గడ్డకట్టి ఉంటుంది. అదంతా జెలటినే. బేకరీలో వాడేది దాన్నే కొవ్వు, వాసన, రంగు లేకుండా కడిగి, వడకట్టి, ఎండబెట్టిన పొడి.

చర్మంలో, ఎముకలో, కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే నరాల్లాంటి బంధాల్లో కొల్లాజెన్ అనే మాంసకృత్తి ఉంటుంది. దాని నిర్మాణం మూడు పాయల జడలాంటిది, గట్టిగా అల్లుకుని ఉంటుంది. నీళ్లలో ఎక్కువసేపు వేడి చేస్తే జడ విడిపోతుంది, పాయలు విడివిడిగా నీళ్లలో కలిసిపోతాయి. ఆ విడిపోయిన పాయలే జెలటిన్. చల్లారినప్పుడు అవి మళ్లీ అల్లుకోవాలని చూస్తాయి కానీ పాత జడ మళ్లీ పడదు. అక్కడక్కడ మాత్రమే చిక్కు పడతాయి, ఆ చిక్కుల మధ్య నీళ్లు ఇరుక్కుపోతాయి. జెల్లీ అంటే అంతకుమించి ఏమీ లేదు: నూటికి రెండు పాళ్లు జెలటిన్ ఉంటే చాలు, మిగతా తొంభై ఎనిమిది పాళ్లనీ అది పట్టి నిలబెడుతుంది.

గిట్టలు, కొమ్ములు ఉడకబెట్టి తీస్తారని చాలామంది చెబుతుంటారు. అది తప్పు. గిట్టలో, కొమ్ములో, వెంట్రుకలో ఉండేది కెరాటిన్, దాన్నుంచి జెలటిన్ రాదు. కాళ్లు వేరు, గిట్టలు వేరు.

ఫ్యాక్టరీలో రెండు దారులున్నాయి. పందిచర్మమైతే లేతది కాబట్టి పలచని ఆమ్లంలో ఒకటి రెండు రోజులు నానబెడితే సరిపోతుంది. దీన్ని టైప్ ఏ అంటారు. పశువుల చర్మం, ఎముకలు మొండివి. ముందు ఎముకల్ని చితకగొట్టి, కొవ్వు తీసేసి, పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కొన్ని రోజులు ఉంచుతారు. ఎముకకి గట్టిదనం ఇచ్చే కాల్షియం లవణాలన్నీ ఆమ్లంలోకి దిగిపోతాయి. స్కూల్లో కోడి ఎముకని వెనిగర్‌లో వేసి నాలుగు రోజుల తర్వాత రబ్బరులా వంచి చూపించే ప్రయోగం గుర్తుందా? సరిగ్గా అదే. అలా మెత్తబడి మిగిలినదాన్ని ఒస్సీన్ అంటారు. ఆమ్లంలోకి దిగిన కాల్షియం కూడా వృథా పోదు, కోళ్ల దాణాలో కలిపే డీసీపీ పొడిగా మారుతుంది. గోదావరి జిల్లాల్లో కోళ్లఫారాలవాళ్లకి ఈ పేరు బాగా తెలుసు. (డీసీపీ అంతా ఎముకలది కాదు, రాతి ఫాస్ఫేట్ నుంచి చేసేదీ ఉంది.)

తర్వాత ఒస్సీన్‌ని సున్నపునీళ్లలో వారాల తరబడి, ఒక్కోసారి రెండు నెలల పైనే ఊరబెడతారు. ఇది టైప్ బి. ఆపైన శుభ్రంగా కడిగి, వేడినీళ్లలో విడతలవారీగా కాస్తారు. మొదటి విడత అరవై డిగ్రీల లోపే దిగుతుంది. తేనీరు కాచినట్టే అనుకోండి, మొదటి డికాషన్ చిక్కన, మూడోసారి కాచింది నీరసం. మొదటి విడత జెలటిన్ లేతరంగులో ఉండి బాగా పట్టుకుంటుంది, తర్వాతవి ముదురుగా, బలహీనంగా ఉంటాయి. ఆ ద్రవాన్ని వడగట్టి, చిక్కబరిచి, చల్లార్చి, సేమ్యాలా పోగులుగా తీసి, గాలి తోలే బెల్టు మీద ఆరబెట్టి పొడి చేస్తారు. మనం కొనే జెలటిన్ పొడి ఇంత ప్రయాణం చేసి వస్తుంది.

మన దేశంలో తయారయ్యేది ఎక్కువగా పశువుల ఎముకల నుంచే. కేరళలో కొచ్చి పక్కన కాక్కనాడ్‌లో నిట్టా జెలటిన్, జబల్‌పూర్‌లో నర్మదా జెలటిన్స్, గుజరాత్‌లోని వాపిలో ఇండియా జెలటిన్ అండ్ కెమికల్స్ లాంటివి పాత కంపెనీలు. ఇక్కడి సరుకులో పెద్ద భాగం స్వీట్లకి కాదు, మందుల క్యాప్సూళ్లకి పోతుంది. యూరప్, అమెరికాల్లో పందిచర్మానిది పైచేయి. అందుకే హైదరాబాద్ హోటల్లో పనిచేసేటప్పుడు మాకు రెండు రకాల అతిథులు ఉండేవారు: అసలు జంతువుదే వద్దనేవాళ్లు, పంది కాకపోతే చాలు, హలాల్ పత్రం చూపించమనేవాళ్లు. రెండోవాళ్ల కోసం హలాల్ పశు జెలటిన్, లేదా చేప జెలటిన్ తెప్పించేవాళ్లం. చేప జెలటిన్‌తో ఒక చిక్కుంది. కాడ్ లాంటి చల్లటి సముద్రపు చేపలదైతే ఫ్రిజ్ చల్లదనంలో తప్ప గట్టిపడదు. తిలాపియా లాంటి వెచ్చటి నీటి చేపలది కొంత నయం.

ఇంత గొడవున్నప్పుడు వంటవాళ్లు దీన్నే ఎందుకు పట్టుకు వేలాడతారని మీరు అడగొచ్చు. దానికి సమాధానం మీ నోట్లోనే ఉంది. జెలటిన్ జెల్ ముప్పై, ముప్పై అయిదు డిగ్రీల మధ్య కరుగుతుంది. నోటి వేడి ముప్పై ఏడు. చెంచాలో గట్టిగా నిలబడ్డ పన్నా కోటా (మీగడతో చేసే ఇటాలియన్ స్వీటు) నాలుక మీద పెట్టగానే పాలమీగడలా జారిపోతుంది, లోపల దాగిన రుచి, వాసన ఒక్కసారిగా విడుదలవుతాయి. ఇంకే జిగురు పదార్థమూ ఈ పని ఇంత నాజూగ్గా చెయ్యదు. పేస్ట్రీ చేసినవాడిగా ఇది ఒప్పుకోక తప్పదు. అగర్ అనే నాచు జిగురుతో చేసిన పన్నా కోటా పన్నా కోటా కాదు, బాగున్నా అది ఇంకో స్వీటు.

కానీ ముప్పై అయిదుకే కరిగేది విజయవాడ మే నెలలో ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. ఒకసారి ఆరుబయట విందులో బఫే మీద పెట్టిన మూడంతస్తుల జెలటిన్ డిజర్ట్ ఫొటోగ్రాఫర్ వచ్చేలోపు ఒక పక్కకి ఒరిగి, టేబుల్‌క్లాత్ మీదికి నడవడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి ఎండాకాలం ఆరుబయట విందులకి నేను అగరే వాడాను, శాకాహారం సంగతి తర్వాత.

ఇదే కారణం చేత జెలటిన్ ఇంకో చోట కూడా ఓడిపోయింది. జర్మనీలో సూక్ష్మజీవుల శాస్త్రవేత్త రాబర్ట్ కోహ్ ప్రయోగశాలలో సూక్ష్మజీవుల్ని మొదట్లో జెలటిన్ మీద పెంచేవారు. వెచ్చగా ఉంచితే అది కరిగిపోయేది, పైగా కొన్ని సూక్ష్మజీవులు దాన్నే తినేసేవి. 1881 ప్రాంతంలో అక్కడ పనిచేసే వాల్తర్ హెస్సె భార్య ఫానీ హెస్సె, తను ఇంట్లో జెల్లీలకి వాడే అగర్‌ని వాడి చూడమంది. ఈనాటికీ ప్రతి ల్యాబ్‌లో ఉండే గాజుపళ్లెంలోని అగర్ అలా వంటింటి నుంచి వెళ్లిందే. ఆ అగరే మన చైనా గ్రాస్.

అంటే మీ మూడో ప్రశ్నకి జవాబు: కాదు, చైనా గ్రాస్ జెలటిన్ కాదు. అది సముద్రపు నాచు నుంచి తీసే పిండిజాతి పదార్థం. పేరులో చైనా ఉన్నా మనకి దగ్గర్లోనే దొరుకుతుంది. రామేశ్వరం, మండపం వైపు మన్నారు సింధుశాఖలో మత్స్యకార స్త్రీలు నీళ్లలోకి మునిగి రాళ్ల మీది నాచు కోసుకొస్తారు, అందులో అగర్ తీసే ఎర్రనాచు జాతులు ఉన్నాయి. తమిళంలో కడల్ పాసి అంటారు, అంటే సముద్రపు పాచి. మన కిరాణా కొట్టుకొచ్చేసరికి అది తెల్లటి పీచుల కట్టగానో, పొడిగానో వస్తుంది. మీ అత్తగారు నిశ్చింతగా తినొచ్చు.

"వెజ్ జెలటిన్" అని అమ్మే పొట్లాలు తిప్పి చూడండి. సాధారణంగా క్యారజీనన్ (ఇది కూడా నాచుదే), దాంతోపాటు ఏదో ఒక గింజల జిగురు ఉంటుంది. మన మార్కెట్లో ఆకుపచ్చ చుక్కతో అమ్మే జెల్లీ పొడులు చాలావరకు ఈ కోవలోవే. జామకాయ జెల్లీలో ఇవేవీ ఉండవు, అది జామకాయలో ఉన్న పెక్టిన్‌తోనే గడ్డకడుతుంది. జెల్లీ అన్న మాట విని భయపడక్కర్లేదు, జెలటిన్ అన్న మాట చూస్తేనే ఆగాలి. ముంజకాయ లోపలిదీ జెల్లీయే కదా.

ఇక ఎగ్‌లెస్ సంగతి. అసలు పొరపాటు జరిగింది ఇక్కడే, మీది కాదు, ఆ మాటది. ఎగ్‌లెస్ అంటే గుడ్డు లేదని మాత్రమే. మన ఊళ్లలో కేకు విషయంలో శాకాహారం అంటే గుడ్డు లేకపోవడమే అని స్థిరపడిపోయింది, ఎందుకంటే నలభై ఏళ్ల కిందట బేకరీలో దొరికేది స్పాంజి కేకు, క్రీము, అంతే. వాటిలో అనుమానించాల్సింది గుడ్డొక్కటే. మూస్‌లు, చల్లటి చీజ్‌కేకులు, అద్దంలా మెరిసే గ్లేజ్ కేకులు వచ్చాక ప్రశ్న మారాలి, మనం పాత ప్రశ్నే అడుగుతున్నాం. కౌంటర్లో కుర్రాడు అబద్ధమాడలేదు. అడిగినదానికి సరిగ్గానే చెప్పాడు.

ప్యాకెట్లో వచ్చే సరుకైతే మన దేశంలో పని తేలిక. ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం. మాంసాహారానికి ఒకప్పుడు గోధుమరంగు చుక్క ఉండేది. రంగులు పోల్చుకోలేనివాళ్లకి రెండూ ఒకేలా కనిపిస్తున్నాయని 2020 నాటి లేబులింగ్ నిబంధనల్లో దాన్ని గోధుమరంగు త్రికోణం చేశారు. పాలు, పాల పదార్థాలు శాకాహారం కిందికే వస్తాయి, గుడ్డు, జెలటిన్ రావు. 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, ఆహారంలో వాడిన ప్రతి పదార్థమూ మొక్కదా, జంతువుదా, ల్యాబ్‌లో చేసిందా అన్నది కోడ్ నంబర్లతో సరిపెట్టకుండా స్పష్టంగా రాయాలని ఆదేశించింది. నంబర్లు గుర్తుపెట్టుకోవాలనుకుంటే నాలుగు చాలు: 406 అగర్, 407 క్యారజీనన్, 440 పెక్టిన్, ఇవి మొక్కజాతివి. 441 కనిపిస్తే అది జెలటిన్, కొందరు 428 అనీ రాస్తారు.

బేకరీలో విడిగా కోసి ఇచ్చే ముక్కకి పెట్టే ఉండదు, చుక్కెక్కడ ఉంటుంది? అక్కడ నోరే దిక్కు. "వెజ్జా?" అని అడగొద్దు, "వెజ్జే" అంటారు. "జెలటిన్ ఉందా?" అన్నా కౌంటర్లో ఉన్నవాళ్లకి తెలియకపోవచ్చు, తెలియనప్పుడు ఎవరైనా లేదనే అంటారు. "ఇది దేంతో సెట్ చేశారు?" అనండి. ఈ ప్రశ్నకి అవునని గానీ కాదని గానీ చెప్పడానికి వీల్లేదు, పదార్థం పేరు చెప్పాలి. తెలియకపోతే లోపలికెళ్లి కనుక్కొస్తారు. వాళ్లు "అగర్" అనో "వెజ్ జెల్" అనో "క్యారజీనన్ పౌడర్" అనో చెబితే సరే. "జెలటిన్ షీట్" అన్నా, "జెలటిన్ పౌడర్" అన్నా సంగతి తేలిపోయింది. "వెజ్ జెలటిన్" అంటే మాత్రం డబ్బా చూపించమని అడగడంలో తప్పులేదు. నన్ను అలా అడిగినవాళ్లకి డబ్బా తెచ్చి చూపించాను, ఏనాడూ చిన్నతనం అనిపించలేదు.

దేని మీద అనుమానపడాలంటే, మూస్, పన్నా కోటా, ఓవెన్‌లో పెట్టని చీజ్‌కేకు, మిర్రర్ గ్లేజ్, మార్ష్‌మాలో, నమిలితే సాగే గమ్మీ బిళ్లలు. మార్ష్‌మాలో చరిత్ర విచిత్రం, ఆ పేరుగల మొక్క వేరు జిగురుతో మొదలై, మొక్క పోయి, పేరు మిగిలి, జెలటిన్ వచ్చి చేరింది. కేకు మీద పరిచే పంచదార ముద్ద ఫాండెంట్‌ని పాత పద్ధతిలో జెలటిన్‌తోనే చేసేవారు, మన దగ్గర అమ్మేవాటిలో ఆకుపచ్చ చుక్కవే ఎక్కువ. మామూలు క్రీము కేకు, పఫ్‌లు, బిస్కెట్లు, బ్రెడ్డు, వీటిలో జెలటిన్ పని ఉండదు. పళ్ల ముక్కల మీద బ్రష్‌తో పూసే మెరుపు జెల్ కూడా సాధారణంగా పెక్టిన్‌దో క్యారజీనన్‌దో.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఒక మాట. అక్కడ చుక్క లేదు, పదార్థాల జాబితాలో "జెలటిన్" అని రాస్తారు, ఏ జంతువుదో చాలాసార్లు రాయరు. రాయకపోతే పందిదే అనుకోవడం మంచిది. కొన్ని పెరుగు కప్పుల్లో, పిల్లల సీరియల్స్‌లోని రంగురంగుల మార్ష్‌మాలో ముక్కల్లో, విటమిన్ గమ్మీల్లో ఉంటుంది. "కోషర్ జెలటిన్" అని ఉంటే శాకాహారం అనుకుని మోసపోయినవాళ్లని చూశాను. అది యూదుల నియమాలకి సరిపోయిందని మాత్రమే, చేపదో పశువుదో అయి ఉంటుంది. బ్రిటన్‌లో కొంత నయం, శాకాహారులకి పనికొస్తుందని చాలా ప్యాకెట్ల మీద విడిగా రాస్తారు.

ఇంట్లో పొడి ఏదో తెలియకుండా డబ్బాలో మిగిలి ఉంటే కనిపెట్టడానికి నేను చేసే పని చెబుతాను. పాత స్టీలు చెంచాలో చిటికెడు పొడి వేసి మంట మీద పెట్టండి. జెలటిన్ అయితే ఉబ్బి, నల్లబడి, జుట్టు కాలిన కమురు వాసన గుప్పుమంటుంది. అగర్ అయితే కాగితం కాలిన వాసన. కిటికీ తెరిచి చెయ్యండి. తయారైన స్వీటుకైతే, చిన్న ముక్క గిన్నెలో వేసి, నలభై అయిదు డిగ్రీలు దాటని గోరువెచ్చని నీళ్ల మీద ఆ గిన్నె తేలేయండి. పూర్తిగా కారిపోతే జెలటిన్ అయ్యే అవకాశం ఎక్కువ, కదలకుండా నిలబడితే అగర్ లాంటిది. అగర్ జెల్ ఎనభై అయిదు డిగ్రీలు దాటితే గానీ కరగదు. కాకపోతే క్రీము, చాక్లెట్ ఎక్కువున్న మూస్‌కి ఈ పరీక్ష నమ్మలేం, అవి వాటంతటవే మెత్తబడతాయి.

ఇంకో తేడా నాకు పరువు పోయి తెలిసింది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, రెండు వందలమంది రిసెప్షన్‌కి పైనాపిల్ జెల్లీ నా చేతికిచ్చారు. తాజా పైనాపిల్ ముక్కలు నిండా వేసి, జెలటిన్ పోసి, రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి నిశ్చింతగా పడుకున్నాను. పొద్దున ట్రే లాగితే లోపల పసుపు నీళ్లు, అందులో తేలుతున్న ముక్కలు. జెలటిన్ చాల్లేదేమోనని ఇంకాస్త కలిపి మళ్లీ పెట్టాను, మళ్లీ నీళ్లే. మా చెఫ్ వచ్చి చూసి, "మటన్‌లో పచ్చి బొప్పాయి ఎందుకేస్తారురా?" అని అడిగి వెళ్లిపోయాడు. అర్థమవడానికి నాకు ఇంకో గంట పట్టింది. బొప్పాయిలో, పైనాపిల్‌లో, కివీలో, అంజూరలో, అల్లంలో మాంసకృత్తుల్ని తెగ్గొట్టే ఎంజైములుంటాయి. మటన్ మెత్తబడేది వాటివల్లే. జెలటిన్ కూడా మాంసకృత్తే కాబట్టి అక్కడా అదే జరుగుతుంది, ఎంత కలిపినా ఎంజైము తెగ్గొడుతూనే ఉంటుంది. పైనాపిల్‌ని ముందే ఉడికిస్తేనో, డబ్బాలోది వాడితేనో ఎంజైము చచ్చిపోతుంది, జెల్లీ బుద్ధిగా కడుతుంది. అగర్‌కి ఈ బాధ లేదు, అది మాంసకృత్తే కాదు.

జెలటిన్ గొప్ప బలం, చర్మానికి అమృతం అని ఈమధ్య ప్రచారం ఎక్కువైంది కాబట్టి ఒక పాత కథ. 19వ శతాబ్దపు పారిస్‌లో పేదల ఆకలికి ఎముకల జెలటిన్ పులుసే మందు అని కొందరు బలంగా నమ్మారు. ఫ్రెంచి సైన్స్ అకాడమీ ఒక కమిటీ వేసింది. మజాండీ అనే వైద్యశాస్త్రవేత్త నాయకత్వంలో ఏళ్ల తరబడి కుక్కల మీద పరీక్షలు చేసి, జెలటిన్ ఒక్కటే తింటే ప్రాణం నిలవదని 1841లో నివేదిక ఇచ్చారు. కారణం తర్వాత తేలింది: మనకి తప్పనిసరిగా కావాల్సిన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం అందులో లేనే లేదు. మాంసకృత్తి కోసమే అయితే గుప్పెడు శనగలు మేలు.

మందుల క్యాప్సూళ్ల గురించి మీరు అడగలేదు గానీ, మీ అత్తగారి వయసు ఊహించి చెబుతున్నాను. గట్టి గొట్టాల్లాంటివీ, చేపనూనె, విటమిన్ ఇ వచ్చే మెత్తటి గుళికలూ ఎక్కువగా జెలటిన్‌వే. మొక్కల సెల్యులోజ్‌తో చేసినవి కూడా వస్తున్నాయి, వాటిని హెచ్‌పీఎంసీ అంటారు. ఆవిడకి పట్టింపు ఉంటే మాత్రల రూపంలో దొరుకుతుందేమో డాక్టరుని అడగండి, మీ అంతట మీరు మందు ఆపొద్దు. ఇంకొకటి: కాజూ కత్లీ మీద వెండి రేకుని ఒకప్పుడు పశువుల పేగు పొరల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. జంతు పదార్థం ఏదీ ఆ తయారీలో వాడకూడదని 2016లో నిబంధన వచ్చింది.

అత్తగారికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇంటి విషయం, నేను మధ్యలో రాను. మా అమ్మమ్మకి ఇలాగే ఒకసారి జరిగితే, విని, తలంటు పోసుకుని, "ఇక నువ్వే చేసిపెట్టు" అంది. అప్పుడు చేసిపెట్టిందే ఇది, మీకూ పనికొస్తుంది.

చైనా గ్రాస్ పీచులు ఎనిమిది గ్రాములు కత్తెరతో కత్తిరించి, ఒక కప్పు చల్లటి నీళ్లలో అరగంట నానబెట్టండి. అవే నీళ్లతో సన్నసెగ మీద పెట్టి, ఒక్క పీచు కూడా కనబడనంతవరకు మరిగించండి. ఆరేడు నిమిషాలు పడుతుంది. జెలటిన్‌ని మరిగిస్తే పాడవుతుంది, దీన్ని మరిగించకపోతే పాడవుతుంది. పక్కన అర లీటరు చిక్కటి పాలు, నూరు గ్రాముల పంచదార కాచి దింపండి. మరిగిన చైనా గ్రాస్‌ని వడకట్టి పాలలో కలపండి. పాలు కాస్త చల్లారి, గిన్నె పక్కన చెయ్యి పెట్టగలిగే వేడికి వచ్చాక ఒక కప్పు మామిడి గుజ్జు కలపండి. బంగినపల్లి అయితే మేలు, రసాలైతే పీచు వడగట్టాలి. పాలు మరీ వేడిగా ఉంటే మామిడి పులుపుకి విరుగుతాయి, మరీ చల్లారితే గుజ్జు కలపకముందే గడ్డలు కడుతుంది, ఎందుకంటే ఇది నలభై డిగ్రీల దగ్గరే పట్టుకోవడం మొదలుపెడుతుంది. గుజ్జు ఫ్రిజ్‌లోంచి తీసింది తీసినట్టు వెయ్యొద్దు, బయట పెట్టి మామూలు వేడికి రానివ్వండి. నేను ఆ ఒక్క తప్పు చేసి, మొదటిసారి అమ్మమ్మకి పెట్టింది పుడ్డింగ్ కాదు, మామిడి రంగు సగ్గుబియ్యం పాయసంలా ఉన్న ఉండలు. ఆవిడ రెండు గిన్నెలు తినింది.